క్లోరోఫారం నుంచి లేపనం దాకా

మొటిమలు మానిపోయినా వాటి గుంటలు మిగిలిపోతాయి. వాపు చర్మపు లోపొర దాకా దిగి అక్కడి పోగులను చెరిచినప్పుడు, పుండు మానే సమయంలో పైచర్మం కిందికి లాగుకొనిపోయి గుంట పడుతుంది. దానిని సరిచేయాలంటే చర్మాన్ని మళ్ళీ గాయపరచక తప్పదు. సన్నని సూదులతో పొడుస్తారు, లేదా పైపొరను అరగదీస్తారు, లేదా లేసర్ కిరణంతో కాలుస్తారు, లేదా గుంట అడుగున పట్టి ఉన్న పోగులను సూదిమొనతో తెంచుతారు. ముఖమేమో నరాలు దట్టంగా అల్లుకున్న చోటు. పోలవరం నుంచి రాజమండ్రికి చికిత్సకని వచ్చిన కాలేజీ కుర్రవాడు వైద్యుణ్ణి మొదట అడిగేది "నొప్పి పుడుతుందాండీ?" అనే. ఈ ప్రశ్నకు ఈనాడు ధైర్యంగా బదులు చెప్పగలగడం వెనుక నూటడెబ్భై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో ఒక ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరి పట్టించి, రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స జరిగేటట్లు చేశాడు. మరుసటి సంవత్సరం నవంబరులో ఎడింబరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫారం వాడాడు. ఇది ఈథరు కంటె త్వరగా మత్తెక్కిస్తుంది, వాసన కూడా ఇంపుగా ఉంటుంది. కాని మూడు నెలలైనా నిండకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక క్లోరోఫారం మత్తులోనే కన్నుమూసింది. ఆమెకు చేయబోయినది పెద్ద శస్త్రచికిత్స కాదు, కాలివేలి గోరు తీయడం మాత్రమే. ప్రాణాపాయం లేని బాధను తీర్చడానికి ప్రాణాన్నే పణంగా పెట్టవలసి వస్తే ఆ మందు ఎందుకు? మొటిమ గుంటల వంటి వాటి విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యమైనది.

క్లోరోఫారం ప్రాణం తీసేది ఊపిరి ఆపా, గుండె ఆపా అన్న విషయమై వైద్యులు రెండు పక్షాలయ్యారు. ఇది ఉత్త పాండిత్యపు తగవు కాదు. మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరిని కనిపెట్టి ఉండాలా, నాడి పట్టుకొని కూర్చోవాలా అన్నది దీనిమీదనే ఆధారపడి ఉన్నది. హైదరాబాదులో వైద్య పాఠశాలకు అధిపతిగా ఉండిన ఎడ్వర్డ్ లారీ, ఎడింబరోలో సైమ్ శిష్యుడు. ఊపిరిని గమనిస్తే చాలునన్నది గురువు మతం. దానిని రుజువు చేయడానికి లారీ 1888లో ఒక సంఘాన్ని ఏర్పరచి కుక్కలపై ప్రయోగాలు చేయించాడు. ఊపిరి ఆగిన తరువాతనే గుండె ఆగుతున్నదని ఆ సంఘం తేల్చింది. లండనులోని 'లాన్సెట్' పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌనులు ఇచ్చి, ఆ పత్రిక తరపున ఒక శాస్త్రజ్ఞుణ్ణి పంపవలసిందని కోరింది. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. ఆయన అంతవరకు రెండవ పక్షంవాడు. 1889లో రెండవ సంఘం కుక్కలు, మేకలు, గుర్రాలు మొదలైన వందలాది జంతువులకు క్లోరోఫారం పట్టించి, వాటి రక్తపుపోటును, శ్వాసను గీతలుగా నమోదు చేసింది. ఆ గీతలు చూసి బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకున్నాడు. అపాయమల్లా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్లనే గాని క్లోరోఫారం గుండెను సూటిగా దెబ్బతీయదని సంఘం ప్రకటించింది.

ఆ తీర్మానం పూర్తిగా సరికాదు. 1911లో లేవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, మత్తు పలుచగా ఉన్నప్పుడు ఎడ్రినలిన్ తోడైతే పిల్లుల గుండె ఒక్కసారిగా లయ తప్పి అదిరి ఆగిపోతుందని చూపించాడు. హైదరాబాదు ప్రయోగాలు మోతాదు మించితే ఏమవుతుందో వివరంగా చూశాయి. లేవీ పట్టుకున్నది మోతాదు చాలనప్పటి అపాయం. భయపడిన రోగి రక్తంలో ఎడ్రినలిన్ ఎక్కువగా ఉంటుంది గనుక, గోరు తీయడం వంటి చిన్న పనులలోనే ఆకస్మిక మరణాలు ఎందుకు జరిగేవో దీనితో బోధపడింది. అయినా ఊపిరిపై కన్ను వేసి ఉంచాలన్న లారీ పాఠం వ్యర్థం కాలేదు. ఆ పాఠం నేర్చినవారిలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, 1889లో ఉత్తీర్ణురాలై, క్లోరోఫారం ఇవ్వడంలో పేరుగన్న ఈమెను ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా లెక్కిస్తారు.

ఇంతలో మరొక దారి తెరచుకొన్నది. మనిషినంతా నిద్రపుచ్చనేల, కోసే చోటును మాత్రమే మొద్దుబారిస్తే చాలదా? 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ ద్రావకం కంటిలో వేసి నొప్పి పోగొట్టాడు. కొకెయిన్ వ్యసనం కలిగించేది, విషం కూడాను. 1905 నుంచి దాని స్థానంలో ప్రొకెయిన్ వచ్చింది. 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ అనేవారు లిడొకెయిన్ తయారు చేశారు. లుండ్‌క్విస్ట్ దానిని తన ఒంటిమీదనే పరీక్షించుకున్నాడు. పన్ను పీకించుకున్నవారికి ఈ మందు పేరు తెలియకపోయినా దాని పని బాగా తెలుసు.

నొప్పి వార్త నరం వెంట పోవాలంటే నరపు పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం అయానులు లోపలికి దూకాలి. లిడొకెయిన్ ఆ ద్వారాలను మూసివేస్తుంది. అయితే విద్యుదావేశం లేని రూపంలో ఉన్న అణువే పొరను దాటగలదు. చీము పట్టి వాచిన చోట ఆమ్లగుణం ఎక్కువ. అక్కడ అటువంటి అణువులు తగ్గిపోతాయి. ఎర్రగా వాచి ఉన్న మొటిమపై మత్తు సూది సరిగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

చర్మం అరగదీసే పద్ధతిని జర్మనీ వైద్యుడు క్రోమయర్ 1905లోనే మొదలుపెట్టాడు. 1953లో న్యూయార్కు వైద్యుడు కర్టిన్ ఇథైల్ క్లోరైడు చల్లి చర్మాన్ని గడ్డకట్టించి, గిరగిర తిరిగే తీగె కుంచెతో గీకేవాడు. ఆ ద్రవం ఆవిరవుతూ వేడిని లాగుకొంటుంది. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. 1980 తరువాత వచ్చిన లేపనంలో మరొక తమాషా ఉన్నది. లిడొకెయిన్, ప్రైలొకెయిన్ రెండూ మామూలు వేడిమిలో గట్టి పదార్థాలే. సమానంగా కలిపితే ద్రవమవుతాయి. అందుచేత చర్మంలోకి చొచ్చుకుపోగలవు. పూసి పైన పలుచని పొర కప్పి, సుమారు గంటసేపు ఆగాలి. సూదులతో పొడిచే చికిత్సకు ఇది చాలు. లోతుగా కాల్చే లేసరుకు చాలదు. అప్పుడు కంటికి దిగువ ఎముకలోని చిన్న రంధ్రం నుంచి వెలువడే నరం వద్ద ఒక్క సూది వేస్తే చెంప ముందుభాగం, ముక్కుపక్క, పైపెదవి మొద్దుబారతాయి. చల్లగాలి ఊదడం దీనికి తోడు.

లేపనమే కదా అని ఎంతైనా పూయరాదు. వెంట్రుకలు తీయించుకోవడానికని కాళ్ళ నిండా ఘాటైన మొద్దుబార్చే లేపనం పూసుకొని, పైన చుట్టుకొన్నందువల్ల ఈ శతాబ్దం తొలి దశకంలో అమెరికాలో ఇద్దరు యువతులు మరణించారు. సూదిగా ఇచ్చే లిడొకెయిన్ కూడా ఎడ్రినలిన్ కలపకుండా అయితే శరీరపు బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు, కలిపితే 7 మిల్లీగ్రాములు మించనివ్వరు. ఎడ్రినలిన్ రక్తనాళాలను బిగించి మందును అక్కడే నిలిపి ఉంచుతుంది. ఒకప్పుడు క్లోరోఫారంతో కలిసి గుండెను ఆపిన పదార్థమే ఇది.