తంతి మాట, తెర మాట



మా రాబర్ట్‌సన్‌పేటలో ఒకే ఇంట్లో మూడు నాలుగు లిపులు కాపురం చేయడం వింత కాదు. అవ్వ తెలుగు మాట్లాడుతుంది, ఏ లిపీ చదవలేదు. కొడుకు తమిళ మీడియంలో చదివాడు. మనవరాలు కన్నడ బడికో ఇంగ్లీషు బడికో పోతుంది. పొయ్యి దగ్గర మాట మాత్రం తెలుగే. ఇలాంటి ఇంటికి దూరం నుంచి ఒక కబురు రావాలంటే అది రాతగా రావాలా, గొంతుగా రావాలా, ముఖంతో సహా రావాలా? ఈ రోజుల్లో దీన్నే మెసెంజరు మేలా, వీడియో కాల్ మేలా అని అడుగుతున్నారు. ప్రశ్న కొత్తదిగా కనిపిస్తుంది గాని, మన గనుల సీమలో దీనికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈనాటి ప్రసంగంలో మీతో చెప్పుకోదలచింది ఆ చరిత్రే.

మొదట వచ్చింది తంతి. మన దేశంలో 1850లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య ప్రయోగంగా తంతి తీగ వేశారు. 1870 నాటికి సముద్రం అడుగున వేసిన కేబుల్ ద్వారా లండన్‌తో సంబంధం ఏర్పడింది. ఆ తరువాత పదేళ్ళకు, 1880లో, జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ కోలారు గనుల్లోకి అడుగు పెట్టింది. బంగారం ఇక్కడ, యజమానులు అక్కడ. ఉత్తరం ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసేది. తంతి అదే రోజో మర్నాడో చేరేది. కాని మాటకింత అని డబ్బు. అందుకని ఆ కాలపు గని కంపెనీలు సంకేత పుస్తకాలు వాడేవి. పుస్తకంలో ఒక్క మాట వెతికితే దాని ఎదురుగా ఒక పూర్తి వాక్యం అర్థంగా ఉండేది. ఒక్క మాటకు డబ్బు కట్టి పది మాటల సంగతి పంపేవారన్నమాట. నేటి కుర్రకారు మెసేజిలో మాటలు కత్తిరిస్తారని మనం విసుక్కుంటాం. ఆ విద్యలో దొరలు ముందే ఆరితేరారు.

గని కార్మికుడి ఇంటికి తంతి వస్తే సంగతి వేరు. నా చిన్నతనంలో, అంటే 1980ల చివర, మా వీధిలోకి తంతి మనిషి వచ్చాడంటే ఆడవాళ్ళు ముందే గుండె పట్టుకునేవారు. తంతి మనకు తెలుగు అక్షరాల్లో వచ్చేది కాదు. ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ’. నాలుగే మాటలు. ఇంగ్లీషు తెలిసినవాడెవడో చదివి చెప్పాలి. చదివినవాడు ముఖం దించుకుంటే చాలు, ఏడుపు మొదలు. సీరియస్ అంటే అప్పటికే ప్రాణం పోయిందనే అర్థం జనంలో స్థిరపడిపోయింది. ముళబాగిలు పల్లెలోని పెద్దాయన తన నోటితో చెబితే అదే సంగతి ఎలా ఉండేది? “మీ అమ్మకు ఒంట్లో బాగా లేదు నాయనా, నిన్ను చూడాలని అడుగుతా ఉంది, ఉన్నపళంగా బయలుదేరి రా” అని ఉండేది. ఆ మాట తీగ దాటి రాలేదు. దాని ఎముకలు మాత్రం వచ్చాయి.

ఇదే కాలంలో భూమి అడుగున ఇంకొక రకం కబురు నడిచింది. చాంపియన్ రీఫ్ గని సుమారు మూడు కిలోమీటర్ల లోతుకు దిగింది. మనుషులను దించే కేజిని పైనున్న ఇంజన్ గదిలోంచి ఒక డ్రైవరు నడిపేవాడు. అతనికి కింద ఉన్న మనిషి కనిపించడు, వినిపించడు. వాళ్ళిద్దరి మధ్య నడిచిన భాష గంట దెబ్బలు. ఎన్ని దెబ్బలకు ఏ అర్థమో ముందే నిర్ణయించి రాసి పెట్టేవారు. కేజి కదులుతుండగా ఒక్క దెబ్బ పడితే ఆపమని. తరువాతి కాలంలో గనుల్లో టెలిఫోన్లు వచ్చినా గంట పోలేదు. కారణం ఆలోచించండి. కింద తమిళుడు ఉండవచ్చు, తెలుగువాడు ఉండవచ్చు, కన్నడిగుడు ఉండవచ్చు. యంత్రాల మోతలో మాట తప్పు వినబడుతుంది, దెబ్బల లెక్క అంత సులభంగా తప్పదు. ప్రాణం మీదికి వచ్చే చోట, గొంతు కంటే లెక్క తేలే గుర్తు మేలని గని కార్మికులు ఎప్పుడో తేల్చుకున్నారు.

తెలుగు మాట తెలుగు మాటగా దూరం దాటింది టెలిఫోనుతో. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో 1882లోనే ఎక్స్ఛేంజీలు వచ్చినా, సామాన్యుడికి అది అందడానికి ఇంకో నూరేళ్ళు పట్టింది. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద సగం పూట కూర్చున్నవారు మీలో ఉండే ఉంటారు. మూడు నిమిషాల చొప్పున లెక్క. ఎనభైల చివర పసుపు రంగు ఎస్టీడీ బూతులు వీధి వీధికీ వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అక్కడ వరుస కట్టి నిలబడేవాళ్ళం. కళ్ళు ఎదుట తిరిగే అంకెల మీద, నోరు ఫోను మీద. అయితే గొంతుకు ఒక కట్టడి ఉంది: ఇద్దరూ ఒకే ఘడియలో చిక్కాలి. తంతికి ఆ బాధ లేదు. నువ్వు లేకపోయినా గుమ్మం దగ్గర వేచి ఉంటుంది.

నేటి మెసెంజరు తంతికి మనవడు, వీడియో కాల్ ట్రంక్ కాల్‌కు మనవరాలు. వంశ లక్షణాలు ఎక్కడికీ పోలేదు.

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. అప్పటికే మారికుప్పం నుంచి బెంగుళూరు బండి ఎక్కుతున్నవారి సంఖ్య ఆ తరువాత ఇంకా పెరిగింది. తెల్లవారుజామున పోయి రాత్రికి తిరిగొచ్చే జీవితం ఊరి జీవితమైంది. కొందరు అక్కడే ఉండిపోయారు, కొందరు గల్ఫ్‌కు పోయారు. సరిగ్గా ఆ కాలంలోనే ఇంటర్నెట్ కొట్లు వెలిశాయి. 1996లో ఇజ్రాయెల్ కుర్రవాళ్ళు ఐసీక్యూ అనే మెసెంజరును వదిలారు. 1998లో యాహూ తనదాన్ని తెచ్చింది. గంటకింత అని కట్టి కుర్రవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు కొట్టేవారు. అప్పుడు ముఖం ఎందుకు కనిపించలేదు? కోరిక లేక కాదు. అమెరికాలో 1927లోనే తీగ మీద మనిషి బొమ్మను వాషింగ్టన్ నుంచి న్యూయార్క్‌కు పంపి చూపారు. 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో బొమ్మ ఫోన్లు అద్దెకిచ్చారు. పెద్దగా ఎవరూ తీసుకోలేదు, కంపెనీకి చేతులు కాలాయి. 1992లో అక్కడి కార్నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు మీద నలుపు తెలుపు ముఖాలు కదిలాయి. అడ్డంకి అల్లా దారి ఇరుకు కావడమే. పాత మోడెం సెకనుకు గరిష్ఠంగా 56 వేల బిట్లు మోసేది. తేటగా కనబడే వీడియో కాల్‌కు సెకనుకు అయిదారు లక్షల బిట్లు కావాలి. అక్షరాల కబురు అందులో పిసరంత. ఎద్దుబండి దారిలో ఉత్తరం పోతుంది, ఊరేగింపు పోదు.

దారి ఇరుకైన చోట అక్షరం గెలిచింది, నిజమే. ఎవరి అక్షరం గెలిచింది? ఇది నాకు బడిపంతులుగా మనసులో ముల్లు. సెల్‌ఫోనులో ఎస్సెమ్మెస్ వచ్చినప్పుడు ఒక కబురుకు ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టేవి. అదే తెలుగులో 70 గుర్తులే. పైగా మనం ఒక అక్షరం అనుకునేది యంత్రం లెక్కలో ఒకటి కాదు. ‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. తంతి నాడు మాటకు డబ్బు, సెల్ నాడు పొల్లుకు డబ్బు! చాలా ఫోన్లలో మన లిపి గళ్ళు గళ్ళుగా కనబడేది కూడా. అందుకని మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మరిగారు. అక్కడ ‘పాడు’కూ ‘పడు’కూ ఒకే రాత. పాట పాడమన్నారో కింద పడమన్నారో చదివినవాడి అదృష్టం.

తరువాత దారి వెడల్పైంది. 2003లో స్కైప్, 2009లో వాట్సాప్ వచ్చాయి. వాట్సాప్‌లోనే 2016లో వీడియో కూడా చేరింది. అదే ఏడు జియో వచ్చి డేటా చవకైంది. గనిలో చేసిన తాత ఒళ్ళోకే కువైట్‌లోని మనవడి ముఖం వచ్చింది. ఈ మధ్యలో స్కైప్‌ను 2011లో మైక్రోసాఫ్ట్ కొన్నది. మన పొరుగు అనంతపురం మూలాలున్న సత్య నాదెళ్ళ సారథ్యంలో ఆ కంపెనీ 2017లో టీమ్స్‌ను తెచ్చి, 2025 మేలో స్కైప్‌ను మూసేసింది. టీమ్స్‌లో రాతా ముఖమూ ఒకే గదిలో పెట్టారు. ఇవి రెండు వేరు సాధనాలన్న మాట అప్పటికే పాతబడిందనుకోండి. వాడే తీరు మాత్రం రెండు తీర్లే.

అది నాకు తెలిసొచ్చింది 2020లో. మార్చి చివర దేశమంతా తాళం పడింది, బళ్ళు మూసేశారు, మారికుప్పం బండి ఆగింది. ఫోనులో వీడియో పాఠం చెప్పమన్నారు. చెప్పాను. తెర మీద ఉండాల్సిన ముఖాల్లో సగం కూడా లేవు. ఇంట్లో ఒకటే ఫోను, అది తండ్రి జేబులో. తండ్రి పని వెతుక్కుంటూ బయట. ఉన్న పిల్లల ముఖాలు ఆగి ఆగి, నోరు ముందూ మాట వెనుకా. అప్పుడు పాఠాన్ని రాసి మెసేజిగా పంపాను. రాత్రి తొమ్మిదికి, పదికి జవాబులు వచ్చాయి. తండ్రి ఇంటికి చేరే వేళ అది. ముఖం వేచి ఉండలేకపోయింది, రాత వేచి ఉంది.

అయితే ఒక పిల్ల నుంచి ఏ జవాబూ లేదు. మీరు ఊహించే ఉంటారు, మొదట నేను చెప్పిన లాంటి ఇల్లే అది. బడిలో కన్నడం రాస్తుంది, కాని నేను అడిగింది తెలుగు సామెతలు సేకరించమని. అవ్వ చెబుతుంది, పిల్ల తెలుగు లిపిలో రాయలేదు. నాలుగో రోజు ఒక గొంతు మెసేజి వచ్చింది. వాట్సాప్‌లో 2013 నుంచి ఉన్న సదుపాయమే, నాకే తట్టలేదు. లిపి అక్కరలేదు, ఇద్దరూ ఒకే ఘడియలో చిక్కనక్కరలేదు, తెర వెలగనక్కరలేదు. తంతి ఓపికా ట్రంక్ కాల్ గొంతూ కలిసిన మూడో సంతానం ఇది. పట్నం పండితులు మెసెంజరునూ వీడియోనూ పోల్చి తూచేటప్పుడు దీన్ని లెక్కలోకే తీసుకోరు. మా సరిహద్దు జిల్లాకు మాత్రం నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆ మెసేజి ఒకటిన్నర నిమిషం ఉంది. వెనుక కోళ్ళు, గిన్నెల చప్పుడు. అవ్వ ఆరు సామెతలు చెప్పింది. ఏడోది నోటిదాకా వచ్చి ఆగి, “ఇది బడిలో చెప్పేది కాదులేమ్మీ, ఆపు దాన్ని” అంది. పిల్లకు ఆపడం చేతకాలేదు. నవ్వు కూడా వచ్చేసింది.