రెబెక్కా (నవల)

రెబెక్కా ఆంగ్ల రచయిత్రి డాఫ్నీ డు మారియే రచించిన నవల. ఇది 1938లో లండన్‌లో విక్టర్ గొలాంజ్ ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది. ఒక సంపన్న కుటుంబం దాచిపెట్టిన రహస్యం ఈ కథకు కేంద్రం. ఒక యువతి మనస్సులోని భయాలు, అనుమానాల మీదుగా కథ నడుస్తుంది. తరువాతి కాలంలో 'మానసిక థ్రిల్లర్' అని పేరుపొందిన నవలాశాఖలో, ముఖ్యంగా కుటుంబ రహస్యాలపై ఆధారపడిన నవలలకు ఇది మాతృక వంటిది. వెలువడిన నాటినుండి నేటివరకు ఈ పుస్తకం ముద్రణలో లేని కాలం లేదు.

అపరాధ పరిశోధక నవలలలో హత్య మొదటనే జరుగుతుంది. హంతకుడెవరన్నది చివర తేలుతుంది. ఈ నవలలో హత్య జరిగిందన్న సంగతే దాదాపు మూడింట రెండు వంతుల కథ గడిచేవరకు చదువరికి తెలియదు. తెలిసిన పిమ్మట చదువరి ఎవరి పక్షాన నిలుస్తాడన్నదే ఈ నవలలోని అసలు ప్రశ్న.

గమనిక: ఈ వ్యాసంలో ముగింపుతో సహా కథ మొత్తం తెలుపబడింది.

రచయిత్రి, రచనా నేపథ్యం

డాఫ్నీ డు మారియే 1907 మే 13న లండన్‌లో జన్మించింది. తండ్రి జెరాల్డ్ డు మారియే పేరుపొందిన రంగస్థల నటుడు. తాత జార్జ్ డు మారియే 'ట్రిల్బీ' (1894) అనే నవల వ్రాసిన రచయిత. డాఫ్నీ 1932లో ఫ్రెడరిక్ బ్రౌనింగ్ అనే సైనికాధికారిని వివాహమాడింది. భర్త ఉద్యోగరీత్యా ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఉండవలసివచ్చినప్పుడు, 1937లో, ఆమె ఈ నవలను ప్రారంభించింది. ఆ ఎండలు, అధికారుల కుటుంబాల విందులు ఆమెకు సరిపడలేదు. ఇంగ్లండు నైరుతి కొసన గల కార్న్‌వాల్ సముద్రతీరం మీద బెంగతోనే నవలలోని వానలు, పొగమంచు, పూలపొదలు పుట్టాయనిపిస్తుంది. మొదట వ్రాసిన భాగం నచ్చక చించివేసి, తిరిగి మొదలుపెట్టి, ఇంగ్లండు చేరిన తరువాత పూర్తిచేసింది.

కథకు రెండు బీజాలున్నాయి. మొదటిది అసూయ. భర్తకు పూర్వం మరొక యువతితో వివాహం నిశ్చయమై తప్పిపోయింది. ఆ యువతిని భర్త ఇంకా మరువలేదేమోనన్న అనుమానం డాఫ్నీని బాధించినట్లు జీవితచరిత్రకారులు వ్రాశారు. ఈ నవల అసూయను గురించిన పరిశీలన అని రచయిత్రి స్వయంగా చెప్పేది. ప్రేమకథగా ప్రచారం చేయడం ఆమెకు అంతగా రుచించలేదు.

రెండవది ఒక ఇల్లు. కార్న్‌వాల్‌లో ఫోయ్ అనే రేవు పట్టణానికి సమీపాన మెనబిల్లీ అనే పాత భవంతి ఉన్నది. అది రాష్లీ వంశస్థులది. ఆలనాపాలనా లేక తీగలు అల్లుకొనిపోయిన ఆ ఇంటిని యౌవనంలో చూచి ఆమె దానిపై మనసుపడింది. నవల వెలువడిన ఐదేళ్ళకు, 1943లో, దానిని కౌలుకు తీసుకొని బాగుచేయించి 1969 వరకు అందులో నివసించింది. అంత ప్రేమించిన ఇల్లు ఆమెకు ఏనాడూ సొంతం కాలేదు. నవలలోని మాండర్లీ భవంతికి పరిసరాలు మెనబిల్లీవి. లోపలి హంగులు, సేవక బృందం మాత్రం ఆమె బాల్యంలో చూచిన మిల్టన్ హాల్ అనే మరొక పెద్ద భవంతిని పోలినవి.

కథాసంగ్రహం

కథ చెప్పే యువతికి నవల మొత్తంలో పేరు లేదు. తల్లిదండ్రులు లేని ఆమె, మాంటీ కార్లోలో మిసెస్ వాన్ హాపర్ అనే ధనిక అమెరికన్ మహిళకు జీతానికి తోడుగా ఉంటుంది. అక్కడ తనకు రెట్టింపు వయసున్న మాక్సిమ్ డి వింటర్ అనే జమీందారు పరిచయమవుతాడు. ఆయన భార్య రెబెక్కా ఏడాది క్రితం పడవ ప్రమాదంలో మునిగి చనిపోయిందని అందరూ చెప్పుకుంటారు. కొద్ది రోజుల పరిచయంతోనే ఇద్దరికీ వివాహం జరుగుతుంది.

మాండర్లీ చేరిన కొత్త కోడలికి ప్రతి గదిలో రెబెక్కాయే ఎదురవుతుంది. ఉత్తరాల బల్ల మీద ఆమె దస్తూరి, వానకోటు జేబులో ఆమె పేరు కుట్టిన చేతిరుమాలు, పడమటి భాగంలో ఆమె పడకగది చనిపోయిన నాడున్నట్లే. ఇంటి పెత్తనం మిసెస్ డాన్వర్స్ అనే పరిచారికది. రెబెక్కాను చిన్ననాటినుండి పెంచిన ఈమె, కొత్త యజమానురాలిని క్షణక్షణం చిన్నబుచ్చుతుంది. విందు నృత్యానికి ఫలానా పూర్వీకురాలి చిత్రపటంలోని దుస్తులు కుట్టించుకొమ్మని సలహా ఇస్తుంది. రెబెక్కా తన చివరి విందులో ధరించినవి సరిగా అవే. మెట్లు దిగి వచ్చిన భార్యను చూచి మాక్సిమ్ ముఖం పాలిపోతుంది. మరునాడు డాన్వర్స్ ఆ అమ్మాయిని కిటికీలోనుండి దూకమని ప్రేరేపిస్తూ ఉండగా, పొగమంచులో ఒక ఓడ ఒడ్డుకు తగులుకొన్న సంకేతాలు వినవస్తాయి.

ఓడను పరీక్షింప దిగిన ఈతగానికి రెబెక్కా పడవ, అందులో ఒక శవం కనబడతాయి. అంతకుముందు రెబెక్కాదని మాక్సిమ్ గుర్తించిన శవం మరెవరిదో. అప్పుడు ఆయన భార్యకు నిజం చెబుతాడు. తాను రెబెక్కాను ఎన్నడూ ప్రేమించలేదనీ, ఆమె నడవడి మంచిది కాదనీ, పరాయివాని బిడ్డను మాండర్లీకి వారసుని చేస్తానని తనను రెచ్చగొట్టగా తుపాకితో కాల్చి చంపి, శవాన్ని పడవలో ఉంచి ముంచివేశాననీ ఆ మాటల సారాంశం.

విచారణలో పడవ అడుగున రంధ్రాలు చేయబడినట్లు తేలినా, అది ఆత్మహత్యగా తీర్పు వస్తుంది. రెబెక్కా బంధువు, ప్రియుడు అయిన జాక్ ఫావెల్ అంగీకరింపక, ఒక చీటీ చూపి మాక్సిమ్‌ను బెదిరిస్తాడు. అందరూ కలిసి లండన్‌లో ఆమె రహస్యంగా సంప్రదించిన వైద్యుని వద్దకు వెళ్తారు. ఆమెకు కాన్సరు ముదిరినదనీ, బిడ్డలు కలిగే అవకాశమే లేదనీ ఆయన చెబుతాడు. ఆత్మహత్యకు కారణం దొరికినట్లవుతుంది, మాక్సిమ్ బయటపడతాడు. తిరుగు ప్రయాణంలో తెల్లవారకముందే ఆకాశం ఎర్రబడి కనిపిస్తుంది. మాండర్లీ తగలబడుతూ ఉంటుంది.

రహస్యం ఎందుకు దాగింది

నేటి చదువరికి సహజంగా కలిగే సందేహం: అంత పొసగని భార్యకు మాక్సిమ్ విడాకులు ఎందుకు ఇవ్వలేదు? ఆనాటి ఇంగ్లండు చట్టం తెలియనిదే దీనికి సమాధానం దొరకదు. 1937 నాటి వివాహ చట్టం 1938 జనవరిలో అమలులోకి వచ్చేవరకు అక్కడ విడాకులకు ఉన్న ముఖ్యాధారం వ్యభిచారమొక్కటే. దానిని న్యాయస్థానంలో రుజువు చేయాలి. ఆ వివరాలు పత్రికలకెక్కేవి. వంశ గౌరవమే ప్రాణమైన మనిషికి అది మరణం కన్న హీనం. కనుక పెళ్ళయిన కొద్ది రోజులకే దంపతులు ఒక ఒప్పందానికి వస్తారు. ఆమె మాండర్లీని దేశమంతా మెచ్చేటట్లు తీర్చిదిద్దాలి. ఆమె సొంత బ్రతుకు జోలికి ఆయన పోరాదు. ఇంటి పరువు, ఇంటి అబద్ధం ఒకే పునాది మీద లేచాయన్నమాట.

రెండవ సంగతి శిక్ష. ఆనాడు హత్యకు ఉరిశిక్ష ఉండేది (బ్రిటన్‌లో హత్యకు ఉరి 1965లో నిలిపివేయబడింది). కనుక నిజం విన్న రెండవ భార్య నోరు విప్పితే భర్త ప్రాణం పోతుంది. రహస్యం ఆమెకు తెలిసిన క్షణంలోనే అది ఆమెది కూడా అవుతుంది.

కథనం, పాఠకుని స్థానం

నవలలోని అతి ముఖ్యమైన ఘట్టం హత్య కాదు, హత్యను గురించి విన్న భార్య స్పందన. భర్త ఒక స్త్రీని చంపానని చెబుతుంటే ఆమెకు భయం కలగదు, జాలి కలగదు. ఆయన రెబెక్కాను ప్రేమించలేదన్న ఒక్క మాటే ఆమె చెవికెక్కుతుంది. ఇన్నాళ్ళ బరువు తొలగి తేలికపడుతుంది. ఆశ్చర్యమేమంటే చదువరి కూడా ఆమెతోపాటు తేలికపడతాడు. అప్పటికి మూడు వందల పుటలకు పైగా ఆమె కళ్ళతోనే చూచి, ఆమె అవమానాలతోనే కుంగి ఉన్నందున, హంతకుడు దొరకకూడదని కోరుకోవడం మొదలుపెడతాడు. న్యాయాధికారి కల్నల్ జూలియన్ ప్రశ్నలు వేస్తుంటే మన గుండె కూడా మాక్సిమ్ కోసమే కొట్టుకుంటుంది. ఇది రచయిత్రి పన్నిన వల. దీనిని గమనించకుండా చదివితే నవల ఒక సామాన్య ప్రేమకథగా మిగిలిపోతుంది.

రెబెక్కా స్వయంగా ఒక్కమాట కూడా చెప్పదు. ఆమెను గురించి మనకు తెలిసినదంతా ఇతరుల సాక్ష్యం. ఆమె దుర్మార్గురాలని చెప్పే ప్రధాన సాక్షి ఆమెను చంపినవాడే. డాన్వర్స్ ఆమెను దేవతగా కొలుస్తుంది. ఆ కొలుపులో కూడా క్రూరత్వపు జాడలున్నాయి. ఫావెల్‌కు డబ్బు కావాలి. ఎస్టేటు వ్యవహారాలు చూచే ఫ్రాంక్ క్రాలీ మితభాషి. యజమాని మేలు కోరేవాడు. ఏ ప్రయోజనమూ లేని సాక్షి సముద్రపు ఒడ్డున తిరిగే బెన్ అనే అమాయకుడొక్కడే. తనను పిచ్చాసుపత్రికి పంపుతానని రెబెక్కా బెదిరించిందని అతని మాటలవల్ల తెలుస్తుంది. కనుక మాక్సిమ్ చెప్పినదంతా కల్ల అనడానికి వీలులేదు. అంతా నిజమనడానికీ వీలులేదు. ఆమె స్వభావం ఎటువంటిదైనా, చేతిలో ఆయుధం లేని స్త్రీని కాల్చి చంపడం హత్యే అన్న మాటను నవలలో ఏ పెద్దమనిషీ నోరు తెరచి అనడు. అనదగినవాడు జూలియన్. ఆయనకు నిజం తెలిసిపోయిందనే మాక్సిమ్ నమ్మకం. అయినా ఆయన సాటి జమీందారు పక్షాన మౌనం వహిస్తాడు.

చిన్న సంఘటనలలోనే రచయిత్రి పనితనం ఎక్కువగా కనబడుతుంది. కొత్త కోడలి చేయి తగిలి ఒక పింగాణీ బొమ్మ పగులుతుంది. ఇంటి యజమానురాలై ఉండి కూడా ఆమె దొంగవలె ముక్కలను సొరుగులో దాచిపెడుతుంది. నింద ఒక పనివాని మీద పడిన తరువాత గాని తప్పు ఒప్పుకోదు. కథలో దీనికి పెద్ద ప్రాధాన్యం ఉన్నట్లు మొదట తోచదు. కాని తన చేతితో జరిగినది దాచడం, దానికి మరొకరు మాట పడటం అనే తీరు ఆ ఇంటి పెద్ద రహస్యానికి చిన్న నమూనా. రెండవసారి చదివేవారు ఇటువంటి చోట్ల ఆగడం మంచిది.

నవల ప్రారంభం కూడా అటువంటిదే. తొలి రెండు అధ్యాయాలలో భార్యాభర్తలు విదేశంలో హోటళ్ళలో కాలం గడుపుతూ ఉంటారు. భర్త విసుగు పోవడానికి ఆమె ఇంగ్లండునుండి వచ్చిన పత్రికలలో క్రికెట్ వార్తలు చదివి వినిపిస్తుంది. మాండర్లీ పేరు ఎత్తడానికి ఇద్దరికీ భయం. మొదటిసారి చదివేటప్పుడు ఇది ప్రశాంత జీవితమనిపిస్తుంది. కథ పూర్తిచేసి మళ్ళీ చదివితే శిక్ష అనుభవిస్తున్న ఇద్దరు మనుషులు కనబడతారు. రచయిత్రి దీనిని మొదట ముగింపుగా వ్రాసుకొని, తరువాత ప్రారంభానికి మార్చింది. ఆ తొలి ముగింపులో భర్త పేరు హెన్రీ. అది 'ది రెబెక్కా నోట్‌బుక్' అనే సంపుటంలో తరువాత ప్రచురింపబడింది.

షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' (1847)తో దీనికి గల పోలిక ప్రసిద్ధమే. దిక్కులేని యువతి, వయసు మీరిన ధనికుడు, మొదటి భార్య, చివర ఇల్లు తగలబడటం రెండింటిలోనూ ఉన్నాయి. అయితే జేన్ నిజం తెలిసిన రాత్రి తరువాత ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. ఈ నవలలోని యువతి వెళ్ళదు.

వివాదాలు

బ్రెజిల్ రచయిత్రి కరోలినా నబుకో 1934లో ప్రచురించిన 'ఎ సుసెసోరా' నవలతో రెబెక్కాకు పోలికలున్నాయని విమర్శ వచ్చింది. అమెరికాలో మరొక రచయిత్రి పక్షాన గ్రంథచౌర్య దావా కూడా నడిచింది. దానిలో సాక్ష్యమిచ్చేందుకు డు మారియే 1947లో న్యూయార్క్ వెళ్ళింది. ఆ దావా కొట్టివేయబడింది. రెండవ భార్య, మొదటి భార్య నీడ అన్నది ఎవరి సొత్తూ కాని పాత ఇతివృత్తమని గుర్తుంచుకోవాలి.

చలనచిత్రాలు, ఇతర రూపాలు

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో 1940లో వచ్చిన చిత్రం అన్నిటికంటె ప్రసిద్ధమైనది. లారెన్స్ ఒలీవియే, జోన్ ఫాంటేన్ ప్రధాన పాత్రధారులు. డాన్వర్స్‌గా జూడిత్ ఆండర్సన్ నటించింది. హిచ్‌కాక్ అమెరికాలో తీసిన మొదటి చిత్రమిది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పురస్కారం పొందింది. అయితే హత్య చేసినవాడు శిక్ష లేకుండా తప్పించుకొన్నట్లు చూపరాదని ఆనాటి హాలీవుడ్ నియమావళి. అందుచేత చిత్రంలో రెబెక్కా కాలుజారి పడి తల పగిలి చనిపోయినట్లు మార్చారు. దీనితో మాక్సిమ్ నిర్దోషి అయ్యాడు, ప్రేక్షకునికి నైతిక సంకటం లేకుండా పోయింది. చిత్రం మాత్రమే చూచినవారు నవల చదివినట్లు భావించరాదనడానికి ఇదొక్కటే చాలు.

హిందీలో బీరేన్ నాగ్ దర్శకత్వంలో బిశ్వజీత్, వహీదా రెహమాన్ నటించిన 'కోహ్రా' (1964) చిత్రానికి ఈ నవలే ప్రేరణ. దీని నిర్మాత, సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. 2020లో బెన్ వీట్లీ దర్శకత్వంలో మరొక ఆంగ్ల చిత్రం నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదలైంది.

డు మారియే 1989 ఏప్రిల్ 19న కార్న్‌వాల్‌లో మరణించింది. తరువాత ఇతర రచయిత్రులు ఈ కథను కొనసాగించారు. సుసాన్ హిల్ 'మిసెస్ డి వింటర్' (1993) రెండవ భార్య తరువాతి జీవితాన్ని చెబుతుంది. సాలీ బోమన్ 'రెబెక్కాస్ టేల్' (2001)లో, మూల నవల ఎన్నడూ ఇవ్వని అవకాశం దొరికి, రెబెక్కా తన కథను తానే చెప్పుకుంటుంది.