పెంగ్విన్ అట్టలపై హార్లాండ్ మిల్లర్ కుంచె

హార్లాండ్ మిల్లర్ బ్రిటన్‌కు చెందిన సమకాలీన చిత్రకారుడు, నవలా రచయిత. పెంగ్విన్ సంస్థ పాత పుస్తకాల ముఖపత్రాల నమూనాలో భారీ తైలవర్ణ చిత్రాలు గీసి ప్రసిద్ధి పొందారు. 1964లో యార్క్‌షైర్‌లో జన్మించిన ఆయన లండన్‌లోని చెల్సీ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తొలి నవల 2000లో వెలువడగా, ఆ మరుసటి ఏడాది పెంగ్విన్ చిత్రాల పరంపరకు శ్రీకారం చుట్టారు.

ఈ చిత్రాలకు మూలమైన అట్ట 1935 నాటిది. మంచి సాహిత్యాన్ని సామాన్యులకు చేరువ చేయాలనే సంకల్పంతో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలను ఆరు పెన్నీలకే విక్రయించారు. ఎడ్వర్డ్ యంగ్ రూపొందించిన అట్టపై మూడు అడ్డపట్టీలు ఉండేవి. పైనా కిందా రంగు, నడుమ తెలుపుపై పుస్తకం పేరు, రచయిత పేరు. నవలలకు నారింజ, నేరకథలకు ఆకుపచ్చ, జీవితచరిత్రలకు ముదురు నీలం రంగు వాడారు.

మిల్లర్ ఈ చట్రాన్ని నిలిపి, ఎన్నడూ రాయని పుస్తకాల పేర్లను అందులో చేరుస్తారు. రచయితగా తన పేరే వేసుకుంటారు. ‘మరణం: అందులో నాకేమిటి లాభం?’ అనే శీర్షిక వాటిలో ఒకటి. న్యూయార్క్ గొప్పది కనుకే దానికి ఒకే పేరు రెండుసార్లు పెట్టారన్న నానుడిని తిప్పి, తన యార్క్‌కు ఒక్కసారి చాలిందని మరో చిత్రంలో చమత్కరించారు. 2020లో యార్క్ ఆర్ట్ గ్యాలరీలో జరిగిన ఆయన ప్రదర్శనకూ అదే పేరు పెట్టారు.

నలిగిన అంచులు, కారిన రంగులు ఈ చిత్రాలకు ఎన్నో చేతులు మారిన పుస్తకాల రూపునిస్తాయి. నాడు ఆరు పెన్నీలకు దొరికిన అట్ట, నేడు మిల్లర్ కుంచెతో వేలంశాలల్లో భారీ ధర పలుకుతోంది.