ఏటపాక దాటితే పేరు మారుతుంది

భద్రాచలం శివారు దాటితే ఏటపాక. ఊరు మారినట్టే ఉండదు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసిన ఈ ప్రాంతం, 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు లెక్కల్లో మళ్లీ చీలింది. పట్టణం తెలంగాణకు ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న పల్లెలు ఎన్నో ఆంధ్రాకు వెళ్లాయి. రాష్ట్రంతో పాటే పిలుపూ మారింది: ఇవతల ‘దివ్యాంగుడు’ అనిపించుకునే పిల్లవాడే అవతల సర్కారు కాగితంలో ‘విభిన్న ప్రతిభావంతుడు’. జనం నోట మాత్రం రెండువైపులా ఉమ్మడి రాష్ట్రం నాటి మాటే: సదరం, అంటే వైకల్యాన్ని శాతాల్లో తేల్చే పరీక్ష. ‘సదరంలో ఎంత పర్సెంటేజీ వచ్చింది?’ అన్నదే మొదటి ప్రశ్న.

బడిలో వినిపించే మాటలకూ చరిత్ర ఉంది. 1974లో కేంద్రం తెచ్చిన పథకం పేరు ‘సమీకృత విద్య’. వైకల్యమున్న పిల్లల్ని మామూలు బడిలో చేర్చుకుంటారు, సర్దుకుపోవాల్సింది మాత్రం పిల్లలే. తర్వాత వచ్చిన ‘సమ్మిళిత విద్య’ ఆ బరువును బడి మీదికి మార్చింది. గడప దగ్గర ర్యాంపు, చూపు తక్కువైతే పెద్దక్షరాల పుస్తకం, రాయలేకపోతే బదులు రాసిపెట్టే స్క్రైబ్, గంట పరీక్షకు కనీసం 20 నిమిషాలు అదనం. చట్టం భాషలో ఇది ‘సహేతుక సర్దుబాటు’. అంటే దయ కాదు, హక్కు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఈ ఆలోచనలోంచి పుట్టినవే. కదలలేని పిల్లల ఇంటికి అక్కడి టీచరే వెళ్లి చదువు చెప్పాలి.

చూపు అసలే లేని పిల్లలకు చుక్కల లిపి బ్రెయిలీ. 1951లో దేశ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీ కుదిరింది. ‘క’ అంటే ఒకటో చుక్క, మూడో చుక్క. హిందీకైనా తెలుగుకైనా అంతే. అందులో ఒత్తులు కిందికి దిగవు, వరుసలోనే నడుస్తాయి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు ముందు తెలుగు రావాలి, ఆ తర్వాతే ఈ చుక్కలు. అడవి అంచున బ్రెయిలీకి ఒక మెట్టు ఎక్కువ.

1995 చట్టం గుర్తించిన వైకల్యాలు 7. 2016 చట్టం వాటిని 21 చేసింది. 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్ల ఇష్టం. స్క్రైబ్‌ను ఇవ్వడానికి ఆ 40 గీత అడ్డు కారాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొత్తగా చేరిన పేర్లలో ఒకటి సికిల్ సెల్. గిరిజన గూడేలకు కొత్తది కాని రక్తపు జబ్బు. కీళ్లు పట్టేసి, నొప్పితో మెలికలు తిరిగి, వారాల తరబడి బడికి రాని పిల్లల్ని ‘బద్ధకం’ అనో ‘డ్రాపౌట్’ అనో రాసుకున్న రిజిస్టర్లకు చట్టం అసలు పేరు అందించింది. అడవి అంచు బడుల్లోని అయ్యవార్లకు ఒక్క మనవి: పదేపదే గైరుహాజరయ్యే పిల్లల పేరు కొట్టేసే ముందు, రక్తపరీక్ష చేయించారా అని ఇంటికి వెళ్లి అడగండి.