లినక్స్‌కు ఊతమైన అపరిచితులు

కోనసీమలో సముద్రపుటొడ్డున ఉన్న అల్లవరం మండలంలో, ఓడలరేవు గ్రామాన, 1997లో ఒక ఇంజనీరింగు కళాశాల వెలసింది. కొబ్బరితోటల నడుమకు కంప్యూటరు విద్య వచ్చిన ఆ రోజులలోనే అమెరికాలో ఒక చిత్రం జరిగింది. ఇన్ఫోవరల్డ్ అనే పత్రిక 1997 సంవత్సరానికి ఉత్తమ సాంకేతిక సహాయపు బహుమతిని ఏ కంపెనీకీ ఇవ్వక, లినక్స్ వాడుకదారుల సంఘానికి ప్రకటించింది. ఆ సంఘానికి కార్యాలయం లేదు, జీతగాళ్లు లేరు. బహుమతి అందుకోవడానికి ఫలానావారు వెళ్లాలని నిర్ణయించే అధ్యక్షుడైనా లేడు!

లినక్స్ ఒక నిర్వహణ వ్యవస్థ. అనగా కంప్యూటరు యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని నడిపించేది. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, మినిక్స్ అనే వ్యవస్థను వాడేవారి చర్చాబృందానికి ఒక జాబు పంపాడు. తాను సరదాకు ఒక వ్యవస్థను తయారుచేస్తున్నాననీ, అందులో ఏమేమి ఉండాలో చెప్పమనీ అడిగాడు. లినక్స్ లోకానికి తెలిసిందే ఒక ప్రశ్నతో.

అపరిచితులు ఇంతగా సహాయపడగలగడానికి ఔదార్యమొక్కటే కారణం కాదు. 1992లో లినక్స్ జనరల్ పబ్లిక్ లైసెన్సు కిందికి వచ్చింది. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు. మూత వేసిన గడియారాన్ని బయటినుండి చూచి బాగుచేయడం ఎవరితరం? ఇక్కడ మూత తెరచే ఉన్నది. పైగా ఒకరికి చెప్పిన జవాబు నిలిచి ఉండి, అదే చిక్కు వచ్చిన పదవవాడికీ పనికివస్తుంది.

ఐతే ఈ బృందాలలో మాటలు ఎప్పుడూ తీయగా ఉండేవి కావు. ముందు పుస్తకం చదివి రమ్మని కసిరేవారు. ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ 2001లో ప్రశ్న అడిగే పద్ధతిపై ఒక వ్యాసమే వ్రాశారు. కంప్యూటరు పనిచేయడం లేదని మాత్రమే అంటే, ఒంట్లో బాగాలేదని చెప్పి ఊరుకొన్న రోగి వలె ఉంటుంది. ఏ లినక్స్, ఎన్నవ కూర్పు, ఏ ఆజ్ఞ ఇచ్చారు, తెరమీద వచ్చిన దోషసందేశం ఏమిటి? సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. 2004లో వెలువడిన ఉబుంటు, కొత్తవారితో మర్యాదగా మెలగాలన్న నియమావళిని పెట్టుకొన్నది. కసరడం కన్న అదే ఎక్కువ మందిని నిలబెట్టి ఉంటుంది.

తెలుగు విద్యార్థికి ఇంకొక అడ్డు భాష. 2005లో హైదరాబాదులో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ, మరికొందరు ఔత్సాహికులు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. కాని జవాబుల భాండారం ఇప్పటికీ చాలవరకు ఇంగ్లీషే. అంతర్జాలమే లేకపోతే అదీ అందదు. 2022 మే 24 అల్లర్ల తరువాత కోనసీమలో అంతర్జాల సేవలను కొన్నాళ్లు ఆపివేశారు. అటువంటప్పుడు దిక్కు కంప్యూటరులోనే ఉండే ‘మాన్’ పుటలు. 1971 నాటి యూనిక్స్ కరదీపికకు అవి వారసులు.

అంతర్జాలం ఉన్నప్పుడు ఒక చిన్న ఉపాయం. తెరను తెలుగులో పెట్టుకొన్నవారికి దోషసందేశమూ తెలుగులో రావచ్చు; దానిని ఫిన్లాండువాడు చదవలేడు. ఆజ్ఞకు ముందు ‘ఎల్‌సి ఆల్’ అనే అమరికను ‘సి’గా పెడితే, ఆ ఒక్కసారికి సందేశం ఇంగ్లీషులో వస్తుంది.