తేనీటి చరిత్రలో మనసు: కెఫీన్ – మానసిక ఆరోగ్యం

కీలకపదాలు: కెఫీన్, టీ, కాఫీ, ఇరానీ చాయ్, నిద్ర, మానసిక ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం
“చాయ్ తాగకుంటే తలకాయ నొస్తది” అన్న మాట రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలో తరచుగా వినిపిస్తుంది. దీనిని అలవాటుకు చెప్పే సాకుగా కొట్టిపారేయడం కద్దు. అయితే వైద్యగ్రంథాల పరిభాషతో నిమిత్తం లేకుండానే ప్రజల భాష ఒక వాస్తవ స్థితిని పట్టుకున్నదనడానికి ఈ మాట నిదర్శనం. టీ, కాఫీలను వాణిజ్యం, నీతి, వైద్యం అనే మూడు దృష్టులు ఎలా వ్యాఖ్యానించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాణిజ్యం – నీతి
1903లో టీ సెస్ చట్టం వచ్చింది. ఎగుమతయ్యే టీపై వసూలు చేసిన సుంకాన్ని ఆ పానీయం ప్రచారానికే వినియోగించారు. 1930లనాటి ఆర్థికమాంద్యంలో విదేశీ గిరాకీ తగ్గడంతో తోటల యజమానులు స్వదేశీ వినియోగదారునిపై మరింతగా దృష్టి నిలిపారు. హైదరాబాదు నగరంలో ఇరాన్ నుండి వలస వచ్చినవారి హోటళ్లు ఇరానీ చాయ్‌ని నగర సంస్కృతిలో భాగం చేశాయి.

నీతిదృష్టి దీనికి ఎదురునిలిచింది. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా రాయడం ప్రారంభించిన ఆరోగ్యగ్రంథంలో గాంధీజీ టీ, కాఫీ, కోకోలు శరీరానికి అవసరం లేనివని అభిప్రాయపడ్డారు. వాణిజ్యం ఉత్సాహాన్ని చూపగా, నీతిదృష్టి నిగ్రహాన్ని కోరింది. తాగేవాని నిద్ర, ఆందోళన ఈ రెండింటిలోనూ ప్రధానాంశాలు కాలేదు.

3. వైద్యదృష్టి
1819లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగే కాఫీగింజల నుండి కెఫీన్‌ను వేరుచేశాడు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకొని నిద్రమత్తు కలుగుతుంది. ఆ అడినోసిన్ పనిచేసే గ్రాహకాలను కెఫీన్ అడ్డుకుంటుంది. అంటే అలసట తీరదు. దాని సూచన మాత్రం మరుగున పడుతుంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథం 1980 నాటి మూడవ కూర్పులో కెఫీన్ అధికమోతాదు వల్ల కలిగే స్థితికి చోటిచ్చింది. కెఫీన్ మానినప్పుడు తలనొప్పి, చిరాకు, నిస్సత్తువ కలిగే స్థితిని 2013 నాటి అయిదవ కూర్పు అధికారికంగా గుర్తించింది. పై లోకోక్తి చెప్పినది సరిగ్గా ఇదే.

అన్ని ఫలితాలూ ప్రతికూలమైనవి కావు. 2011లో ప్రచురితమైన అమెరికా నర్సుల అధ్యయనంలో 50,739 మంది మహిళలను పరిశీలించగా, కాఫీ ఎక్కువగా తాగేవారిలో కుంగుబాటు తక్కువగా కనిపించింది. అది సహసంబంధమే కాని కార్యకారణ నిరూపణ కాదు. మరోవైపు, తీవ్రభయ రుగ్మత ఉన్నవారిలో అధికమోతాదు కెఫీన్ ఆ భయాన్ని రేకెత్తించగలదు.

4. స్థానిక సందర్భం
ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలు అనేకం. పరీక్షల కాలంలో రాత్రి చదువుకు చాయ్ తోడు. ఆరోగ్యవంతులైన పెద్దవారి శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగిన చాయ్‌లోని కెఫీన్‌లో సగం తెల్లవారుజాము 2 గంటలకూ ఒంట్లోనే ఉంటుంది. నిద్ర తగ్గితే ఆందోళన పెరుగుతుంది. మరునాటి మగతకు మళ్లీ చాయే మందవుతుంది. ఈ వలయంలో చిక్కినవాని ఆందోళనను పరీక్షభయంగానే లెక్కగట్టే ప్రమాదం ఉంది.

ఈ సందర్భంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సలహా గమనార్హం. 1918లో తేయాకు తోటల కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదని సూచించింది. ఒకసారి తాగే టీలో 30–65, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80–120 మిల్లీగ్రాములు ఉంటాయని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

5. ముగింపు
వాణిజ్యం చాయ్‌ని ఉత్సాహమన్నది, నీతిదృష్టి అనవసరమన్నది, వైద్యం మోతాదు లెక్కించింది. తాగేవాని అనుభవం మాత్రం వాడుకమాటల్లో నిలిచింది. దీనిని ‘వ్యసనం’ అంటే నింద మోపినట్లవుతుంది. ‘అలవాటు’ అంటే బాధ తేలికవుతుంది. ఈ రెంటి నడుమ తగిన పదం లేకపోతే విద్యార్థి తన ఇబ్బందిని అధ్యాపకునికో వైద్యునికో చెప్పుకోలేడు. ఆ పదాన్ని ప్రజల వాడుకలోనే వెదకడం తెలుగు పరిశోధకుల బాధ్యత.