లంకాకు నుండి చార్మినార్ దాకా

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మిత్రుడొకడు విదేశాల నుండి సిగార్ల పెట్టె తెచ్చుకున్నాడు. నెల తిరగకముందే పైఆకు పెళుసెక్కి చిట్లిపోతున్నదని వాపోతూ, దాచుకునే ఉపాయం చెప్పమన్నాడు. సైబర్ టవర్స్ ఎదుట టీ బండి దగ్గర నిలబడి బదులు చెప్పబోతుండగా, ఆ సమాధానం మన చుట్టలవాళ్ళకు ఏనాటి నుండో తెలిసినదే కదా అనిపించింది.

వారి మాటల్లో చెప్పాలంటే ఆకుకు 'పదును' ఉండాలి. ఎండిన ఆకు విరుగుతుంది. తడి ఎక్కువైన ఆకు బూజు పడుతుంది. అందుకే ఆకును కాస్త చెమ్మగిల్లనిచ్చి, ఈనె తీసి చుడతారు. సిగారు నిలవకు గాలిలో 65 నుండి 70 శాతం తేమ కావాలి. దక్కను పీఠభూమి వేసవిలోను, ఏసీ గదుల్లోను అంత తేమ ఉండదు. మూత బిగువుగా ఉండే పెట్టె, అందులో తేమను నిలిపే ఏర్పాటు - ఉపాయం ఇంతే.

అసలు మనకు ఈ ఆకు వచ్చింది పోర్చుగీసు వారి ఓడల మీద. ఉత్తరాదికి దారి చూపినది దక్కను. అక్బరు దూతగా బిజాపురం వెళ్ళిన అసద్ బేగ్ 1604 ప్రాంతంలో పొగాకును, రత్నాలు పొదిగిన హుక్కాను ఆగ్రా దర్బారుకు తీసుకువెళ్ళాడు. చక్రవర్తి రెండు దమ్ములు లాగగానే ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. నిషేధం నిలవలేదు, హుక్కా నిలిచింది. నిజాం రాజ్యంలోని బీదరు పనివారు నల్లని లోహం మీద వెండి తీగలు పొదిగి చేసిన హుక్కా కుండలు నేడు ప్రపంచపు మ్యూజియములలో ఉన్నాయి.

సామాన్యునికి మాత్రం చుట్టే హుక్కా. గోదావరి వరద తీసిన తరువాత లంకల్లో మిగిలే ఒండ్రుమట్టిలో పండిన ఆకుకు ఘాటు మెండు. ఆంగ్లో-ఇండియన్ పదకోశం 'హాబ్సన్-జాబ్సన్' ఈ చుట్టకు 'లుంకా' అని ప్రత్యేకంగా పద్దు కేటాయించింది. 1890లో కానన్ డాయల్ రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ నూట నలభై రకాల పొగాకు బూడిదలపై తాను రాసిన గ్రంథాన్ని ప్రస్తావిస్తూ ఉదాహరణగా చెప్పినది ఈ లుంకానే. హంతకుడు కాల్చినది లుంకా అని తేలితే వెతకవలసిన పరిధి తగ్గిపోతుందట! మన లంక పేరు లండను అపరాధ పరిశోధకుని నోట పలకడం విశేషమే. అదే దశకంలో, 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్టను గరుత్మంతుడు తెచ్చిన అమృతంతో ముడిపెట్టి, శిష్యునికి దాని మహిమ బోధించాడు.

ఇరవయ్యవ శతాబ్దంలో గుంటూరు సీమకు వర్జీనియా ఆకు, దానితో సిగరెట్టు వచ్చాయి. 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ వెలిసింది. దాని చార్మినార్ సిగరెట్టు దేశమంతా తిరిగింది. సత్యజిత్ రాయ్ సృష్టించిన బెంగాలీ డిటెక్టివు ఫెలూదా కాల్చేది చార్మినారే. ఒక పరిశోధకునికి మన లంకాకు, మరొకరికి మన చార్మినార్!

ఈ కథకు మరొక ముఖం ఉన్నది. ఉత్తర కోస్తా పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, 'అడ్డపొగ' అలవాటు - నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకుని చుట్ట కాల్చడం. గాలికి నిప్పు ఆరకుండా ఉండేందుకని ఒక వివరణ. అంగుడికి వచ్చే క్యాన్సరుకు ఈ అలవాటే కారణమని 1957లో రెడ్డి, రావు అనే వైద్యులు వెల్లడించారు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి అడ్డపొగ వల్ల అంగుడిలో కలిగే మార్పులను నమోదు చేసింది. లంక చుట్ట కీర్తి హోమ్స్ కథలో ఉంటే, దాని మూల్యం ఈ పుటలలో ఉన్నది. హోమ్స్ పేరు అందరికీ తెలుసు. ఆ స్త్రీలలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

"నేను పొగ మింగను కదా, సిగారుకేమి భయం?" అన్నాడు మిత్రుడు. సిగారు, చుట్టల పొగకు క్షారగుణం ఉంటుంది. అందుచేత నికోటిన్ ఊపిరితిత్తుల దాకా పోనక్కరలేకుండా నోటి పొరల నుండే రక్తంలో కలుస్తుంది. నోటికి, గొంతుకు కలిగే హాని మింగకపోయినా తప్పదు. పైపుకూ ఇదే వర్తిస్తుంది. బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని 2008 అక్టోబరు 2 నుండి దేశమంతటా నిషేధించారు. తెలంగాణ 2024లో హుక్కా పార్లర్లను మూయించింది. చట్టాలు పొగను వీధి నుండి తరిమాయి గాని, అలవాటును మనిషి నుండి తరమలేవు.

పెట్టెలో తేమ ఎలా నిలపాలో మిత్రునికి చెప్పాను. అడిగాడు గనుక చెప్పక తప్పలేదు. అడగని మాట కూడా ఒకటి చెప్పాను: నాలుగు వందల ఏళ్ళ క్రితం ఆగ్రా వైద్యుడు అక్బరుకు చెప్పినదే. చక్రవర్తి ఆ మాట విన్నాడు. ఆ తరువాత పొగ జోలికి పోలేదంటారు.